బల్ల మీద పొద్దుటి ఎండ

ఫోటోలో ఆ మనిషి కుడి చెయ్యి మోచేతి దగ్గర కత్తితో కోసినట్టు తెగిపోయింది. తెగిన చోటి నుంచి అవతల, సాయంత్రం తీసిన ఆ ఫోటోలో, పొద్దుటి ఎండ పడుతోంది.

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని బొమ్మను పెద్దది చేసింది. రైల్వే స్టేషన్లో ప్రయాణికులు కూర్చునే హాలు అది. పడమటి కిటికీల్లోంచి వచ్చిన ఎండ నేలంతా పొడుగ్గా పరుచుకుంది. స్తంభాల నీడలన్నీ తూర్పుకి సాగాయి. హాలు మూలన, చివరి స్తంభం వెనక ఉన్న చెక్కబల్ల దగ్గర మాత్రం నీడ ఎదురు తిరిగింది. అక్కడ వెలుగు తూర్పు నుంచి వస్తోంది. బల్ల ఖాళీగా ఉంది. బల్ల చుట్టూ ఒక చదరం, అంచులు స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. ఆ చదరంలోకి చాచిన చెయ్యి లేదు. ఆ చేతిలో ఉండాల్సిన సంచీ కూడా లేదు.

"ఇంజనీరు గారూ, సంతకం అయిందా? లేక కలం దొరకలేదా?"

అద్దాల గదిలోంచి మేనేజరు గొంతు. ఆఫీసులో ఆయన పేరు పొదుపు. పెన్నులో సిరా దగ్గర్నుంచి డిస్కులో జాగా దాకా దేన్నీ వృథా పోనివ్వడని, ఆమెకి పని నేర్పిన మాస్టారు పెట్టిన పేరు. మాస్టారు రిటైరై ఏడాది దాటింది. పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

"చూస్తున్నాను సార్."

"చూడ్డానికేముంది? మనం దాచేవాళ్ళం, చూసేవాళ్ళం కాదు."

అది నిజమే. కళ్ళద్దాల కొట్టు పైన రెండు గదుల ఆఫీసు వాళ్ళది. స్టేషన్ కెమెరా నిమిషానికో ఫోటో తీస్తుంది. అవన్నీ ఇక్కడికి వస్తాయి. వాటిని నొక్కి చిన్నవి చేసి ఏళ్ళ తరబడి దాచిపెట్టడమే పని. అసలు ఫోటోలను నొక్కిన వెంటనే చెరిపేస్తారు. నొక్కిన బొమ్మే మిగులుతుంది. దాన్ని తెరిచి చూసే నాథుడు ఉండడు, ఏదైనా గొడవ జరిగితే తప్ప.

ఇప్పుడు జరిగింది. ఒక ప్రయాణికురాలు తన సంచీ కెమెరా కంటికి అందని ఇంకో బల్ల మీద వదిలి టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి సంచీ లేదు. ఒక ఫోటోలో సామాన్ల గది మనిషి ఆ సంచీ పట్టుకుని నడుస్తున్నాడు. రెండు ఫోటోల తర్వాత అతని చేతులు ఖాళీగా ఉన్నాయి. సంచీ మాదేనని ఒకతను వచ్చి అడిగితే ఇచ్చేశానని, మూల బల్ల మీద రోజూ కూర్చునే పెద్దాయన సాక్ష్యమని అతను చెప్పాడు. స్టేషన్ అధికారి వారం రోజుల ఫోటోలు తిరగేశాడు. మూల బల్ల మీద ఏ రోజూ ఎవరూ లేరు. లేని మనిషిని సాక్ష్యం తెచ్చేవాడు దొంగ కాక ఇంకేమవుతాడు? ఫోటోలు కెమెరా తీసినవి తీసినట్టే ఉన్నాయని ఈ ఆఫీసు సంతకం పెట్టి ఇస్తే, ఈ సాయంత్రం అతని ఉద్యోగం పోతుంది.

ఆ సంతకం ఆమెది.

ఆ రెంటి మధ్య, అతని చెయ్యి తెగిన ఫోటోని ఆ అధికారి చూడలేదా? చూశాడు. మీ బొమ్మలు ఎప్పుడూ గళ్ళు గళ్ళుగానే ఉంటాయి కదా అని ఫోన్లో నవ్వాడు కూడా. నొక్కిన బొమ్మలో అక్కడక్కడా చదరాలు కనబడటం మామూలే. కానీ ఏ నొక్కుడూ సాయంత్రాన్ని పొద్దున చెయ్యదు.

ఆమె ఆ చదరం అంచులు కొలిచింది.

ఫోటో అంటే చుక్కల గళ్ళు. దాచాలంటే ఆ చుక్కలన్నింటినీ ఒక వరుసలో పెట్టాలి. మామూలుగా అయితే పుస్తకం చదివినట్టు, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి. అలా పోతే ప్రతి వరుసలోనూ గోడ, స్తంభం, మనిషి, మళ్ళీ గోడ. రంగు మారిపోతూనే ఉంటుంది. మాస్టారు అలా పోనివ్వలేదు. ఆయన వేసిన దారి వేరు. దాన్ని దారం అనేవాడు. గది ఊడ్చేవాడు ఈ గోడ నుంచి ఆ గోడకి పరుగులు పెట్టకుండా ఒక మూల శుభ్రంగా ముగించి పక్క మూలకి జరిగినట్టు, ఆ దారం ఒక మూలలోకి దూరి అక్కడి చుక్కలన్నింటినీ చుట్టబెట్టుకున్నాక గానీ కదలదు. ఫోటోని నాలుగు చదరాలు చేస్తే, ఒకటి పూర్తయ్యాకే రెండోది. ఆ ఒక్కదానిలో మళ్ళీ నాలుగు, వాటిలో మళ్ళీ నాలుగు. ఎక్కడా తెగదు, తనని తాను దాటదు, ఒక్క చుక్కనీ వదలదు. గోడ చుక్కలు గోడతో, కోటు చుక్కలు కోటుతో ఉండిపోతాయి. ఒకే రంగు వరసగా ఉన్నప్పుడు అన్నిసార్లూ రాయనక్కర్లేదు. ఏ రంగో ఒకసారి, ఎంత దూరమో ఒకసారి. బొమ్మ గుప్పెట్లోకి వచ్చేస్తుంది.

ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో మాస్టారు ఎదురుగా కూర్చుని, బల్ల మీద చూపుడువేలితో ఆ దారం గీసి చూపించాడు. "వేలు ఎత్తకూడదమ్మాయ్. ఎత్తావా, లెక్క తప్పినట్టే. దగ్గరి వాళ్ళని దగ్గరగా ఉంచు. మిగతాదంతా దానంతటదే కుదురుతుంది."

ఇప్పుడు ఆయన కుర్చీలో పాత మానిటర్ల అట్టపెట్టెలున్నాయి. ఆమె మధ్యాహ్నం డబ్బా విప్పి వాటికెదురుగా కూర్చుని తింటుంది. పొదుపు తన గదిలో తింటాడు. ఒక్కోసారి సాయంత్రం దాకా ఆమె నోరు విప్పి పలికే మాట "చూస్తున్నాను సార్" ఒక్కటే. మాస్టారి నంబరు ఫోన్లో ఉంది. రెండు మూడుసార్లు తీసింది. రిటైరైన మనిషి హాయిగా కూతురింట్లో ఉంటాడు, నేనెందుకు మధ్యలో అని పెట్టేసింది.

ఎవరైనా చేత్తో చెరిపితే బల్ల ఆకారంలోనో మనిషి ఆకారంలోనో చెరుపుతారు. ఇలా కొలిచినట్టు చదరం రాదు. రావాలంటే దారాన్నే పట్టుకోవాలి. దారంలో ఆ చదరం ఒకే ముక్క. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసినవాడికి రెండు అంకెలు చాలు.

ఆమె ప్రోగ్రాం తెరిచింది. వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఒకే ఒక్క వరుస. రోజూ ప్రతి ఫోటోలోనూ ఈ ముక్క తీసేసి, ఆ రోజు మొదటి ఫోటోలోని ముక్క పెట్టు. అంతే. మొదటి ఫోటో అంటే తెల్లారి హాలు తలుపులు తీసినప్పటిది. బల్ల ఖాళీ. ఎండ తూర్పుది.

వరుస రాసినవాళ్ళ పేరు లేదు. ఆఫీసు మొత్తానికి ఉన్న ఒకే తాళం మాటతో, అదే పాస్‌వర్డ్‌తో, లోపలికొచ్చి రాసి వెళ్ళారు.

ఆమె లేచి అద్దాల గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. పొదుపు టీ గ్లాసు కింద పెట్టలేదు. చివరికంటా విని, ఆఖరి గుక్క తాగి, అప్పుడు పెట్టాడు.

"ఈ దారం సంగతి ఎంతమందికి తెలుసు?"

"ఇద్దరికి."

"ఒకాయన రిటైరైపోయాడు. ఇంకొకరు?"

ఇంకొకరు ఆమే.

"మాస్టారు వెళ్ళిన రోజు తాళం మాట మార్చమన్నాను. మార్చావా?"

"మారుస్తానన్నాను సార్."

"నేనడిగింది అది కాదు."

మార్చలేదు. అది మాస్టారు పెట్టిన మాట. రోజూ పొద్దున అది కొట్టి పని మొదలుపెట్టడం ఆమెకి ఎవరికో నమస్కారం చెప్పినట్టుండేది.

"చూడమ్మా," పొదుపు గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తే భయపడాలని ఆఫీసులో అందరికీ తెలుసు. అందరూ అంటే ఇప్పుడు ఆమె ఒక్కతే. "మన దగ్గర ఫోటో మారిందని బయటికి పొక్కితే రేపు స్టేషన్ వాళ్ళు ఇంకొకళ్ళని చూసుకుంటారు. తాళం నీ దగ్గర, దారం నీ దగ్గర. వేలు ఎవరి వైపు తిరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. ఆ వరుస తీసెయ్. ఆ కాగితం మీద సంతకం పెట్టు. నువ్వూ నేనూ ఈ ఫోటో చూడలేదు."

"మరి ఆ సామాన్ల గది మనిషి?"

"సంచీ పట్టుకుని నడిచింది అతనే కదా? ఆ ఫోటో మనం మార్చలేదుగా?"

ఆమె కాగితం మడిచి సంచీలో పెట్టుకుని బయటికి నడిచింది. సంతకం సాయంత్రం దాకా చెయ్యొచ్చు.

*

మెట్ల కింద, కళ్ళద్దాల కొట్టు అరుగు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేచాడు. ఫోటోలో చెయ్యి లేని మనిషి. రెండు చేతులూ ఉన్నాయి. కుడిచేతిలో ఒక ఇత్తడి బిళ్ళ తిప్పుతున్నాడు.

"ఫోటోలు దాచేది మీరేనా అమ్మా?"

"మీరిక్కడికి రాకూడదు కదండీ."

"స్టేషన్లోకి రావద్దన్నారు. ఇది స్టేషన్ కాదుగా." బిళ్ళ ఆమెకి చూపించాడు. "ఇది నా దగ్గరే ఉండిపోయింది. సామాను తీసుకుని బిళ్ళ ఇస్తాం, బిళ్ళ తెస్తే సామాను ఇస్తాం. ఇరవై ఏళ్ళుగా అదే పని. నన్నందరూ బిళ్ళలాయన అనే అంటారు. అసలు పేరు మా ఆవిడకి కూడా గుర్తుందో లేదో."

ఆమెకి నవ్వు రాబోయి ఆగిపోయింది.

"మరి ఆ రోజు బిళ్ళ లేకుండా సంచీ ఎందుకిచ్చారు?"

"అదేనమ్మా నేను చేసిన తప్పు. కాదనను. ఒంటరిగా పడి ఉన్న సంచీ, గదిలో పెడదామని తీసుకెళ్తున్నాను. ఒకతను వచ్చి అది మాదే అన్నాడు. నాకు అనుమానం వచ్చి మూల బల్ల మీద పెద్దాయన్ని అడిగాను. అవునయ్యా, ఇందాకటి నుంచీ ఆవిడ పక్కన కూర్చుని ఉన్నది ఈయనే అన్నాడు. పెద్దాయన మాట కదా అని ఆ బల్ల దగ్గరే ఇచ్చేశాను." గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడేమో ఆ పెద్దాయనే లేడంటున్నారు. వారం రోజుల ఫోటోలు చూపించారమ్మా నాకు. బల్ల ఖాళీ. రోజూ నేను పలకరించిన మనిషి లేడు. నిన్న మా ఆవిడ అడిగింది, నిజంగా చూశావా అని. నేను వెంటనే చెప్పలేకపోయాను. ఉద్యోగం సంగతి తర్వాత, నా బుర్రే పోయిందేమోనని భయంగా ఉంది."

"ఆయన పేరు?"

"అడగలేదు. పెద్దాయనా అంటాను, బిళ్ళలయ్యా అంటాడు. మధ్యాహ్నం వస్తాడు. డబ్బా విప్పుకుని తింటాడు. ఆ తర్వాత ఊరికే కూర్చుంటాడు. రైలెక్కడు, దిగడు, ఎవరి కోసమూ చూడడు. ఒక్కటే అలవాటు ఆయనకి. బల్ల మీద వేలితో ఏదో గీస్తుంటాడు. వంకర్లు వంకర్లుగా. చిత్రమేంటంటే, ఎంతసేపు గీసినా..."

"వేలు ఎత్తడు," అంది ఆమె.

బిళ్ళలాయన చేతిలో బిళ్ళ తిరగడం ఆగింది.

"మీరూ చూశారా?"

"మీ బుర్రకేమీ కాలేదండీ. నాతో రండి. స్టేషన్ గేటు బయట కూర్చోండి, లోపలికి రావద్దు. నేను పిలిచేదాకా ఎక్కడికీ వెళ్ళకండి."

*

హాలులో మూల బల్ల ఖాళీగా ఉంది. ఆమె అక్కడే కూర్చుంది. ఎదురుగా గోడ మీద కెమెరా. అది ఇప్పుడు తీస్తున్న ఫోటోలో తను ఉండదని గుర్తొచ్చింది. ఎంతమంది ప్రయాణికులు ఎటు పోతున్నా ఈ మూలకి ఎవరూ రావడం లేదు. చెక్క మీద, కుడిచేతి వైపు, వేళ్ళ రాపిడికి రంగు పోయి నున్నగా అయిన చోటు ఒకటి కనబడింది. ఆమె వేలు పెట్టి చూసింది. వేలు దానంతటదే మలుపులు తిరిగింది.

"కింది మూల నుంచి మొదలెట్టాలమ్మాయ్. నువ్వు ఎప్పుడూ పై నుంచే మొదలెడతావు."

మాస్టారు నిలబడి ఉన్నాడు. అదే గళ్ళ చొక్కా, చేతిలో స్టీలు డబ్బా ఉన్న సంచీ, జేబులో రెండు పెన్నులు. ఆఫీసుకి బయల్దేరిన మనిషిలాగే ఉన్నాడు. చిక్కిపోయాడు.

"కూర్చోండి మాస్టారూ."

"నా బల్ల మీద నన్నే కూర్చోమంటున్నావు." కూర్చున్నాడు. కొంచెం దూరంగా. "పొదుపు ఎలా ఉన్నాడు? టీలో పంచదార కూడా నొక్కి దాచమంటున్నాడా?"

"మీరు వెళ్ళాక పంచదారే మానేశాడు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"నన్నెలా పట్టుకున్నావు?"

"ఎండ మాస్టారూ. సాయంత్రం ఫోటోలో బల్ల మీద పొద్దుటి ఎండ ఉంది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు, విద్యార్థి పేపర్లో తప్పు దొరికినప్పుడు ఊపినట్టు.

"ఎండ. అవును. దారం మీద ఎండ ఉండదు, అంకెలే ఉంటాయి. పెట్టాక ఫోటో తెరిచి చూసుకోలేదు. ముప్ఫై ఏళ్ళు బొమ్మలు నొక్కాను గానీ బొమ్మ చూడ్డం రాలేదు నాకు."

"ఎందుకు చేశారు?"

"మీ ఇల్లు ఎక్కడమ్మాయ్ ఇప్పుడు? అదే గదేనా?"

"అదే. మీ అమ్మాయి గారింటికి రెండు వీధులు అవతల."

"రెండు వీధులు," అన్నాడాయన. "దారంలో అదే లోపం. నీకు చెప్పాను, గుర్తుందా? మధ్య గీతకి అటూ ఇటూ పక్కపక్కనే ఉన్న చుక్కలు దారం మీద ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి పడతాయి. ఏ దారం వేసినా ఎవరో ఇద్దరికి ఆ అన్యాయం తప్పదు."

ఆమెకి రెండు మూడుసార్లు తీసి పెట్టేసిన ఫోన్ గుర్తొచ్చింది. అది ఇప్పుడు చెప్పే మాట కాదు.

"మాస్టారూ, సామాన్ల గది ఆయన కనబడుతున్నాడా మీకు?"

"బిళ్ళలయ్యా? నాలుగు రోజులుగా లేడు. సెలవు పెట్టాడనుకున్నా. అడుగుదామంటే పేరు తెలియదు. ఏం?"

ఆమె చెప్పింది. సంచీ, ప్రయాణికురాలు, ఖాళీ బల్ల, ఈ సాయంత్రం పెట్టాల్సిన సంతకం. మాస్టారి వేలు చెక్క మీద కదులుతూ కదులుతూ, ఒకచోట ఆగిపోయింది. ఆయన వేలు ఎత్తాడు.

"సంచీ తీసుకున్న ఆ మనిషి ఆవిడ తాలూకు కాదా?"

"కాదు మాస్టారూ. ఆవిడ ఒంటరిగా వచ్చింది. అతనెవరో ఆవిడకి తెలియదు. ఖాళీ ఉందని పక్కన కూర్చున్నాడంతే."

హాలులో ఏదో రైలు గురించి చెబుతున్నారు. జనం లేచి తలుపుల వైపు కదిలారు. మూల బల్ల మీద ఇద్దరూ అలాగే ఉన్నారు.

ఆమె సంచీలోంచి కాగితం తీసింది. "నేను సంతకం పెట్టను. ఫోటో మారిందని రాసిస్తాను. ఎవరు మార్చారో రాయను. తాళం నేను మార్చలేదు, అది నా తప్పు. పొదుపు నన్ను పంపించేస్తే పంపించెయ్యనివ్వండి. కానీ ఫోటో మారిందంటే మాత్రం సరిపోదు. బల్ల మీద మనిషి ఉన్నాడని, ఏం చూశాడని ఎవరో ఒకరు చెప్పాలి. అసలు ఫోటోలు చెరిగిపోయాయి. మీరు తప్ప ఎవరూ లేరు. మీ ఇంట్లో..."

"మా అమ్మాయికి తెలుస్తుంది," అన్నాడు మాస్టారు.

"తెలుస్తుంది."

ఆయన డబ్బా సంచీ భుజానికి తగిలించుకున్నాడు. చొక్కా ముడతలు సర్దుకున్నాడు. లేచి ఆమె కోసం ఆగాడు.

"బిళ్ళలయ్య ఎక్కడున్నాడు?"

"గేటు దగ్గర."

"అతన్ని కూడా రమ్మను. అతను లేకుండా చెబితే అది మళ్ళీ నొక్కిన బొమ్మే అవుతుంది."

*

అధికారి గది చిన్నది. నాలుగు కుర్చీలు ఇరుగ్గా పట్టాయి. బిళ్ళలాయన కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి మాస్టారిని కళ్ళార్పకుండా చూస్తున్నాడు, చెయ్యి చాపి తాకితే గానీ నమ్మనన్నట్టు.

"పెద్దాయనా, ఉన్నారన్నమాట," అన్నాడు మెల్లగా.

"ఉన్నానయ్యా."

అధికారి ఆమె రాసిచ్చిన కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఫోటో మార్చారని రాసింది ఈవిడ. ఎవరు మార్చారో రాయలేదు. మీరెవరు? మీకూ దీనికీ ఏంటి సంబంధం?"

మాస్టారు గొంతు సవరించుకోలేదు. తరగతి గదిలో లెక్క మొదలుపెట్టినట్టు మొదలుపెట్టాడు.

"మార్చింది నేను. ఈ అమ్మాయికి ఇవాళ పొద్దుటిదాకా తెలియదు. ఆ ఫోటోలు నొక్కి దాచే పద్ధతి నాది. నేను వెళ్ళిపోయాక కూడా నా తాళం పని చేస్తూనే ఉంది. చేసినంతకాలం నేను ఇంకా అక్కడే ఉన్నట్టు అనిపించేది, అందుకే అప్పుడప్పుడు తీసి చూసుకునేవాణ్ణి. రిటైరయ్యానని మా అమ్మాయికి చెప్పలేదు. సలహాలకి రమ్మన్నారని చెప్పాను. రోజూ పొద్దున డబ్బా కట్టి ఇస్తుంది. తీసుకుని బయల్దేరతాను. మధ్యాహ్నం దాకా లైబ్రరీ. అది మూసేస్తే ఇక్కడికి. ఇక్కడ ఎవరు ఎంతసేపు కూర్చున్నా ఎందుకని అడగరు. ఇంట్లో అయితే అడుగుతారు. రోజంతా ఆ గోడల మధ్య ఉండమంటే ఉండలేను, మా ఆవిడ పోయాక అసలు ఉండలేను. ఇందులో మా అమ్మాయి తప్పేమీ లేదు, మంచి పిల్ల. మొదటి రోజు ఆ మూల బల్ల మీద కూర్చుని తలెత్తితే ఎదురుగా కెమెరా. అప్పుడు తట్టింది, నన్ను నా దారమే చుట్టి దాచబోతోందని. పనీ పాటా లేకుండా, డబ్బా విప్పుకుని తింటున్న మనిషిగా. ఏళ్ళ తరబడి. ఎప్పుడో ఒకప్పుడు ఈ అమ్మాయి ఏదో పని మీద తెరుస్తుంది, నన్ను చూస్తుంది అనుకున్నాను. దీనికి నేను మాస్టార్ని. దీని కంట్లో అలా పడటం ఇష్టం లేకపోయింది. రెండు అంకెలు పెట్టి నన్ను నేను తీసేశాను. దొంగతనం అనుకోలేదు. ఎవరిదీ ఏమీ తీసుకోవడం లేదు కదా, నన్నే కదా తీసుకుంటున్నాను అనుకున్నాను. నాతో పాటు ఇతని చెయ్యి పోతుందని, ఇతని మాట పోతుందని ఆలోచించలేదు.

"ఇంకోటి కూడా ఉంది, రాసుకోండి. సంచీ ఇమ్మని చెప్పింది నేను. ఇతను నన్ను అడిగాడు. ఆవిడ పక్కన అతను కూర్చోవడం చూశాను. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోవడం చూడలేదు. పక్కపక్కన ఉంటే ఒకళ్ళకొకళ్ళు అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు చుక్కలతో అలాగే లెక్కలు వేశాను, మనుషులతోనూ అదే లెక్క వేశాను. అతని మొహం నాకు గుర్తుంది, చెబుతాను. ఈ బిళ్ళలయ్య ఏమీ తీసుకోలేదు. నా మాట నమ్మాడు, అంతే. మా అమ్మాయికి ఫోన్ నేనే చేస్తాను, మీరు చెయ్యొద్దు. ముందు ఇది రాయండి. ఆ బల్ల మీద ఎవరూ లేరని మీ ఫోటోల్లో ఉంది. అది అబద్ధం. నేనున్నాను. రోజూ ఉన్నాను."